ఇరవై ఏడడుగులు

ఫైలకా దీవిలో పడవ దిగినవాళ్లకు
హెడ్‌ఫోన్లు నా చేతి మీదుగానే పోతాయి.
పన్నెండు జతలు. తిరిగి ఇచ్చాక
స్పిరిట్ దూదితో తుడిచి సంచిలో వేస్తాను.
శుక్రవారాలే ఈ పని.
తక్కిన ఆరు రోజులు సాల్మియాలో దలాల్ వాళ్ల వంటిల్లు.
ఓబుళమ్మ వాళ్ల నోట తిరగదు,
ఊబీ అంటారు.

ఈ నడకను తయారుచేసింది దలాల్.
మాట వాళ్ల తాతది, పోయేముందు పట్టుకుంది.
తొంభై ఆగస్టులో సైన్యం దిగి
ఊరు ఊరంతా ఖాళీ చేయించిందట.
యుద్ధం అయిపోయింది గానీ
ఇసుకలో మందుపాతరలు అయిపోలేదు.
జనం రాలేదు.
ఇళ్లు మాత్రం, "ఉండండి, ఇప్పుడే వస్తా" అని
ఎవరో చెప్పిపోయినట్టు నిలబడే ఉన్నాయి.

నాది వంటింటి అరబ్బీ.
జీబీ, గస్లీ, సక్రీ, యల్లా.
తే, కడుగు, మూయి, బిరాన.
ఇరవై ఏండ్లలో నేర్చుకున్నవన్నీ
ఒకరు చెప్తే నేను చేసేవి.
అందుకే ముసలాయన నాకు బాగా తెలుస్తాడు:
ఆగు. తిరుగు. విను.
మనవరాలితో మాట్లాడాడు గదా,
ఆడమనిషితో చెప్పే తీరులోనే చెప్తాడు.
శూఫీ, అంటాడు. చూడు.
పని చెప్పినోళ్లే గానీ
ఏదైనా చూడమని నాకు చెప్పినోళ్లు
అంతకుముందు లేరు.

చూసినాను.
అమ్మవారు పోసిన ముఖంలా తూట్లు పడిన గోడ.
ఏసీ బొక్కలో పావురం.
ముందుగదిలో ఎవడో సిపాయి
బొగ్గుతో రోజులు లెక్కబెట్టుకున్నాడు,
అయిదు గీతలకో కట్ట,
చివరి కట్టలో మూడో గీత సగానికే ఆగింది.
వాడి మీద జాలి పడచ్చునో లేదో
ముసలాయన చెప్పడు.
అక్కడ ఒకసారి దగ్గుతాడు, అంతే.

తర్వాత, వంటిల్లు దాటి పెరట్లోకి
ఇరవై ఏడడుగులు, అంటాడు.
ఇరవై ఏడూ చెప్పుల చప్పుడే, మాట లేదు.
పదకొండో అడుగులో ఎడమ పక్క ఒక తలుపు.

ఆగమనకుండానే ఆగినాను.
కిటికీ లేదు. చాప పరిస్తే నిండిపోయే గది.
కొలవక్కర్లేదు, నాదీ అంతే.
అద్దం తగిలించిన మేకు.
మేకు పక్కన సున్నం మీద మూడు చుక్కలు.
తిలకం బిళ్లలే అనుకుంటా,
రంగు పోయి జిగురు మిగిలింది.
తుప్పు మరకలూ కావచ్చు, ఒట్టు పెట్టను.
మా రాయచోటి మనిషో, సిలోనో, మలబారో.
ఆ రోజు పడవలో ఆమెకు చోటిచ్చినారా?
పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉండిపోయింది?

దలాల్‌ని పిలిచి వచ్చిన ముక్కల్లో చెప్పినాను:
హినీ ఫీ నఫర్.
ఇక్కడొక మనిషి ఉంది.
ఆ పిల్ల లోపలికి రాలేదు,
తలుపు చెక్క గోటితో గీకుతా నిలబడింది.
"తాతని అడగలేదే," అంది.
వాచీ చూసుకుంది. నాలుగింటికి పడవ.

అందరూ ఎక్కినాక లెక్కబెట్టినాను,
పన్నెండూ ఉన్నాయి.
నడిసముద్రంలో నా ఒళ్లో సంచి గొణిగింది.
ఏదో ఒకటి ఆపడం మరిచినట్టున్నాను.
కింద నీళ్లు తప్ప ఏమీ లేవు,
లోపల ఆ ముసలి గొంతు, సన్నగా, ఓపిగ్గా,
ఎడమకు తిరగమంటా ఉంది.