ముప్ఫై ఒక్క రూపాయలు

పర్లాకిమిడిలో, బస్టాండు సందులో
నా జెరాక్సు దుకాణంలో మూడు భాషల అర్జీలు రాస్తాను.
రేషను కార్డుకి ఒడియా, బ్యాంకుకి ఇంగ్లీషు,
తెలుగులో తిట్లు. అవి ఉచితం.

లోకనాథం మేస్త్రి గుడ్డసంచి విప్పి
కౌంటరు మీద పడుకోబెట్టాడు
గుప్పిట్లో పట్టే మోటారు.
కొమ్ముకి మెరుగు పెట్టేదట.
గేదెకొమ్ముని కొంగ మెడలా వంచి
నలభై ఏళ్ళు గాజుపెంకుతో గీకిన చెయ్యి
ఈమధ్య వణుకుతోంది. అందుకని మనవరాలు
ఫోన్లోంచి, ఎక్కడో సముద్రాల అవతలినుంచి తెప్పించింది.

ప్లగ్గుకి రెండు చదును పుల్లలు.
మన గోడల్లో వాటికి చోటు లేదు.
ఏదో అతికించి పెడితే ఒక్క ఈల వేసి ఆగిపోయింది,
కాలిన వెంట్రుకల వాసన.
"కొమ్ము వాసనే అనుకున్నాను బాబూ.
కొమ్ము ఇంకా తగల్నే లేదు."

వాపసుకి కారణం ఎంచుకోమంది తెర.
సైజు సరిపోలేదు. రంగు నచ్చలేదు. మనసు మారింది.
మా ఊరి కరెంటు వేరు అనే గడి లేదు.
పోనీ అని మూడోది నొక్కబోతే
నా మణికట్టు పట్టుకున్నాడు.
"నా మనసేటీ మారలేదు."

జవాబు మర్యాదగానే వచ్చింది.
వస్తువు మీరే ఉంచుకోండి, పదిహేను శాతం ఇస్తాం.
రెండో రోజు ఇరవై.
నాలుగో రోజు ముప్ఫై.
"నానేటి బేరమాడినానా? ఆడెందుకు పెంచతన్నాడు?"

తిప్పి పంపితే మొత్తం ఇస్తారట.
పోస్టాఫీసులో తూచారు.
మోటారు పద్దెనిమిది వందల తొంభై,
దాని తిరుగు ప్రయాణం రెండు వేల మూడు వందలు.

ఆ సాయంత్రం టీ గ్లాసు తిప్పుతూ చెప్పాడు,
కుర్రతనంలో పాతపట్నంలో ఆకురాయి కొన్న సంగతి.
పళ్ళు మొండివి. వారం పోయాక సైకిలెక్కి
మహేంద్రతనయ దాటి ఇచ్చేస్తే
కొట్టు పాపయ్యశెట్టి పద్దులో పెన్సిలు గీత కొట్టి
డబ్బులు చేతిలో పెట్టి, మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నాడట.
"అదీ పరాయి రాష్ట్రమే గదా.
అటేపు బోర్డు వేరు, పోలీసు టోపీ వేరు."

బ్యాంకులో అభ్యంతరం పెట్టాం.
బిల్లు, మాడిన ప్లగ్గు ఫోటో,
ఆ బేరాల ఉత్తరాలన్నీ వరసగా కుట్టి.
ఎదుటివాడి చిరునామా అడిగారు.
మా దగ్గరున్నది ఒక గోడౌను నంబరు.
వినియోగదారుల కమిషన్‌కి కూడా ఒక కాగితం రాసి
సొరుగులో పెట్టుకున్నాను. మీ ఊళ్ళోనే వెయ్యొచ్చు అంటే
అతని మొహంలో మొదటిసారి కాస్త వెలుగు.

నలభై ఏడో రోజు ఫోను టింగుమంది.
పద్దెనిమిది వందల యాభై తొమ్మిది.
గెలిచాం మేస్త్రీ అని లేచి నిలబడ్డాను.
అతను మాత్రం వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నాడు.
"ముప్ఫై ఒకటి ఏదీ?"

మారకం రేటు అన్నాను.
వెళ్ళేటప్పుడు డాలరు ఒకలా, వచ్చేటప్పుడు ఇంకోలా.
"నాను రూపాయలిచ్చినాను.
డాలరు మొహం నానెరగను."

కమిషన్ కాగితం ఇంక చింపేద్దామా అని అడగబోయాను.
పది రూపాయల నోటు కౌంటరు మీద పెట్టి
మడత అరచేత్తో సాపు చేసి
స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.
"ఇంకో అర్జీ రాయి."

"ఏ భాషలో?"

"ఆడికి అర్థమైనదాన్లో."
వణికే వేలు తెర మీద ఆనించి
నేను కొట్టే అంకెని కాపలా కాస్తూ అన్నాడు,
"ముప్ఫై ఒకటి. ముప్ఫై అని సరిచెయ్యకు."