గ్రీజు నిపిల్

అంతా బాగానే ఉంది గానీ డాక్టరమ్మా,
గ్రీజు నిపిల్ ఎక్కడ పెట్టారు? అని అడిగాను.

నవ్వకండి.
ముప్పయ్యొక్క ఏళ్లు పోర్టులో ఖనిజం బెల్టు కింద
పాకుతూ బతికినవాణ్ణి.
రోలరు రోలరుకీ గన్ను ఆనించి
పాత గ్రీజు నల్లగా బయటికొచ్చేదాకా కొట్టినవాణ్ణి.
ఎర్రధూళి మీద ఉప్పుగాలి పేరుకునే ఊరిది.
ఒక్క వారం మరిచిపోతే
ఇనుము మనిషిలా ఏడ్చేది.

అలాంటి నాకు
కోబాల్టు ముక్కొకటి, తెల్లటి ప్లాస్టిక్ పలకొకటి
మోకాల్లో బిగించి కుట్లేసి మూసేస్తే
అడగనా మరి?

వైదేహి డాక్టరు ఎక్స్‌రేని కిటికీకేసి ఎత్తింది.
దాని వెనక సముద్రం.
"ఇక్కడ మేమేమీ పొయ్యలేదు ఎర్రయ్యా.
కోసినచోట పొర మళ్లీ అల్లుకుంటుంది,
నీరు అదే ఊరుస్తుంది.
పాతదానంత చిక్కన కాదు.
నిలబడిపోతే పక్కకి జారుకుంటుంది,
నడిస్తే మళ్లీ మధ్యకొస్తుంది."

అంటే ఇండెంటు లేదు.
స్టోర్సు గుమాస్తా సంతకం లేదు.
అరవయ్యేడేళ్లు నేను తాగిన చోడి అంబలి,
కవ్వళ్ల పులుసు, కంచరపాలెం కుళాయినీళ్లు
ఏ దారిన పోయి ఏ డబ్బాలో చేరి
చుక్కచుక్కగా అక్కడికొస్తున్నాయో!
లోపల ఎవడో ఉన్నాడు,
నేను పుట్టినప్పట్నుంచీ డ్యూటీలోనే.
వాడు కాపాడుకున్న మోకాలిని కోసి బకెట్లో పడేసి
ముక్కూమొహం తెలీని లోహాన్ని తెచ్చి పెడితే
"ఇది మా సెక్షను కాదు" అనలేదు.
నేనైతే అనేవాణ్ణి.

నిన్న రాత్రి పార్వతాలు నిద్రపోయాక
పొడవాటి స్క్రూడ్రైవరు మొన మోకాలికి ఆనించి
పిడి చెవికి పెట్టుకున్నాను.
బేరింగుని మేం అలాగే వినేవాళ్లం.

మొదట నా నాడి.
ఎక్కడో ఓడ కూత.
కాలు కాస్త చాపితే టక్కుమని చిన్న చప్పుడు,
అది మామూలేనని ముందే చెప్పారు లెండి.
తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం కోసమే
నా వయసంతా ఖర్చయింది.

పొద్దున్నే కొండవాలు వీధిలో పడ్డాను.
పద్నాలుగు మెట్లు, తర్వాత దిగుడు.
నిలబడితే జారుకుంటుందట కదా,
టీ బడ్డీ దగ్గర కూడా ఆగలేదు.
పార్వతాలు గుమ్మంలోంచి అరిచింది:
"ఏటలా పోతన్నావు, ఎవులు తరుముతన్నారు?"

ఎవరూ తరమట్లేదే,
గ్రీజు కొడుతున్నాను.