మూడో విజిల్

కందిపప్పుకి మూడు.
పనసపొట్టుకి ఒకటే, అదీ కూత పూర్తవకుండా దింపెయ్యాలి.
శ్రీకాకుళం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పడిన వారమంతా
నీలవేణి గుమ్మం దగ్గర అప్పజెప్పే పాఠమిది.
తలూపుతాను.
రెండో కూత దగ్గర లెక్క తప్పుతాను.

మాడిన గిన్నెలు మూడయ్యాక
తెర పగిలిన పాత ఫోనొకటి తీసి
ఉప్పు డబ్బాకి చేర్చి నిలబెట్టాను.
కుక్కరు కూసినప్పుడల్లా ఒకటి కలుపుకో,
చెప్పిన లెక్క నిండగానే నన్ను పిలు.
నలభై వరసల ప్రోగ్రాము, అంతే.
ఎర్నమ్మత్త గోడ మీంచి తొంగిచూసి
"ఇజిల్లు లెక్కెట్టడానికి కంప్యూటరేటి బాబూ,
నీకు సెవుల్లేవేటి?" అంది.
ఉన్నాయత్తా.
ఇంట్లో ఉండవు, అదీ గొడవ.

మొదటిరోజు బాగానే పలికింది.
రెండోరోజు ఆమదాలవలస స్టేషన్లోకి
గూడ్సుబండి కూసుకుంటూ వచ్చింది.
ఒకటి, అంది ఫోను.
గేటు దగ్గర ఇంకోసారి కూసింది. రెండు.
అప్పుడు కూసింది కుక్కరు, మొట్టమొదటిసారి.
మూడు, దింపెయ్ అంది.
ఆ రాత్రి మేం పప్పు నమిలాం.
లోహిత ఒక్కో బద్దా కంచం అంచున పేర్చి
"రైలు పప్పు" అని పేరు పెట్టింది.

రైలు కూత సాగుతుంది, కుక్కరు కూత చీదుతుంది.
చెవికి తెలుసు.
ఎలా తెలుసంటే మాత్రం చెవి చెప్పదు.
అందుకని కూతలు పోగెయ్యడం మొదలెట్టాను,
ఒక్కోదానికీ ముందు పది సెకన్లు, వెనక పది.
చారు చల్లారిపోయిన వంటింట్లో
రాత్రి పదకొండింటికి ఒక అంకె పెంచి, ఒకటి తగ్గించి,
మళ్ళీ నడిపి,
అరచేతిలో పులుసు చుక్కేసుకుని
ఉప్పు చూసినట్టే చూసేవాణ్ణి.

ఇరవై రోజులకి అరవై ఒక్క ఫైళ్ళు.
ఆదివారం కూర్చుని వరసగా విన్నాను.
ఇది కుక్కరు. ఇది రైలు. ఇది మళ్ళీ కుక్కరు.
ఇది లోహిత, ఈల నేర్చుకుంటోంది,
ముందు పళ్ళూడి గాలి తప్ప ఏం రావడం లేదు.

పద్నాలుగులో, కూతకి ముందు:
నాన్నా, ఇటు చూడవా.
ఒక్క నిముషం.
అది నా గొంతే.
పందొమ్మిదిలో, ఎండు నెత్తళ్ళు కడుగుతున్న చప్పుడు,
నాన్నా, చేపకి దాహమేస్తుందా?
ఒక్క నిముషమమ్మా.
ముప్పై రెండులో నీలవేణి, చెప్పులు వేసుకుంటూ,
"నిన్న మా వార్డులో ఏమైందో తెలుసా..."
కుక్కరు కూసింది.
కూత తగ్గాక తలుపు చప్పుడు,
దాని వెనకాల నా "ఊఁ".

ఎన్నిసార్లు విన్నానో.
కూతని అణిచి, చుట్టూ ఉన్నదాన్ని పెంచి,
ఇన్నాళ్ళూ రొద అని నేనే రాసి పక్కనపెట్టినదాంట్లో
ఆ మాట కోసం వెతికాను.
దొరకలేదు.
అక్కడ ఆవిరి తప్ప ఏమీ లేదు.

తెల్లారి బస్సు దిగి వచ్చి
ఆమె కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను,
ఆ మంగళవారం వార్డులో ఏమైంది?
"ఏ మంగళవారం?"
చెంబు పట్టుకుని కాసేపు ఆలోచించింది.
"అదా! ఎప్పుడో అయిపోయింది కదా."
అంటూనే మునగాకు చేట ముందేసుకుని
మధ్యలోంచి మొదలెట్టింది:
మందస నుంచొచ్చిన ముసలామె ఒకామె
తన పక్కనున్న ఖాళీ మంచానికి కూడా
అన్నం పెట్టమని గొడవ చేసిందట.
"పెట్టారా?"
"పెట్టాం. ఏం చేస్తాం మరి."
ఆ మంచం మీద అంతకు ముందెవరున్నారో
ఆ ముసలామె ఎవరికీ చెప్పలేదట.
రెండు పూటలు పెట్టించుకుని
మూడో పూట తనే వద్దందట.

ఫోను మూడు అంటోంది. మూడు, మూడు.
ఒక్క నిముషం, అన్నాను దానికి.
ఆకు దూస్తూ ఇంకా ఏదో చెబుతోంది నీలవేణి.
లోహిత నిద్ర కళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడి
చిటికెన వేలు దగ్గర్నుంచి ఒక్కో వేలూ మడిచి
రెండో చెయ్యి కూడా మొదలెట్టింది.
"ఆరు నాన్నా."