కీలు

పన్ను బాగైంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను,
డాక్టరమ్మ మీద నాకేం కోపం లేదు.
జగదాంబ సెంటర్లో మేడ మీది గదిలో
గంటన్నర నోరు తెరిచి పడుకున్నాను
గాలానికి చిక్కిన కోనాం పిల్లలా.
సూదిమందుకి సగం మొహం నాది కాకుండా పోతే
మిగతా సగంతో
కిటికీలోంచి సిటీ బస్సుల హారన్లు లెక్కపెట్టుకున్నాను.

మూడోనాడు, తెల్లారకముందే, చేపల రేవులో
పండుగప్ప బుట్ట ముందు నిలబడి
"నాలుగొందల..." అన్నాను.
యాభై రాలేదు.
చెవి ముందు టక్‌మని
గడియ జారినట్టు ఏదో జారింది.
రెండు వేళ్ళ మేర తెరుచుకుని నోరు ఆగిపోయింది.
కొనేవాళ్ళు నా మొహంకేసి చూస్తున్నారు.
కింద ఐసు కరుగుతోంది.
మరిడమ్మ గబగబా నా పాట అందుకుంది.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
నేనెత్తిన ధర ఇంకొకరి నోట్లోంచి దిగింది.

వేరు మిగిలిపోయుంటుంది, పీకించెయ్ అన్నాడు ఐసు మర సూరప్పడు.
ఆడపడుచు చెవిలో వెల్లుల్లి నూనె పోసింది.
లవంగం, పసుపు, ఎవరో ఇచ్చిన తాయెత్తు.
చివరికి పీకెయ్యమనే వెళ్ళాను.

ఆవిడ పన్ను వైపు చూడనే లేదు.
రెండు చూపుడువేళ్ళు నా చెవుల ముందు ఆనించి
"మెల్లగా తెరవండి" అంది.
కీలెరిగి వాత పెట్టమంటారు పెద్దలు.
ఇన్నాళ్ళూ వాత కోసమే తిరిగాను,
కీలెక్కడో ఎవరూ తడిమి చూడలేదు.

చీటీ వెనక గీసి చూపించింది:
పైన పుర్రె, కింద దవడ,
నడుమ లేత ముంజె ముక్కలాంటి మెత్తని బిళ్ళ.
తెరిస్తే ముందుకి జారుతుందట, మూస్తే వెనక్కి.
అంతసేపు తెరిచే ఉంచితే కండ బిగుసుకుంది,
బిళ్ళ చోటు తప్పింది.
"విరగలేదమ్మా, బెణికింది."
కాలు బెణకడం ఎరుగుదుం.
నోరు బెణుకుతుందని మా వాడలో ఎవరికి తెలుసు?

"రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?"
లేదన్నాను.
పక్కనున్న మా ఎల్లాజీ ఉందన్నాడు.
"బోటు ఇంజను అనుకుని లేచి కూర్చుంటానండీ."
అయితే తప్పు ఆ గంటన్నరదే కాదు.
ఐసు బాకీ, ఫైనాన్సు వాయిదా,
పగలు మింగినవన్నీ
రాత్రి నములుతున్నాను.

వేడి గుడ్డ మూడు పూటలా. బిళ్ళలు ఐదు రోజులు.
ఎండు సావడాయి ముట్టొద్దు, చోడంబలి చాలు.
ఆవలింతొస్తే గెడ్డం కింద పిడికిలి.
"ఏదీ, న అనండి" అంది.
అన్నాను.
"నాలుక అక్కడే ఉంచండి.
పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు."
నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు.
నోరు మూసుకోమన్నవాళ్ళు ఊరంతా ఉన్నారు,
ఎలా మూసుకోవాలో చెప్పింది ఈవిడొక్కతే.

అప్పుడే వేట నిషేధం వచ్చింది.
బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిద్రపోతున్నాయి.
లోపలెక్కడో చేపలు గుడ్లు పెడుతున్నాయి.
నేను అంబలి తాగుతూ
డాల్ఫిన్ ముక్కు కొండని చూస్తూ కూర్చునేదాన్ని.
ముక్కని పేరు పెట్టారు సరే,
దాని దవడ నీళ్ళలో ఎంత లోతునుందో.

రోజూ పొద్దున్నే వేళ్ళతో కొలత.
రెండు. రెండు. రెండుంబావు.
ఒకరోజు కోపంతో బలంగా తెరిచాను,
మళ్ళీ వారం వెనక్కి పోయాను.
మూడో వేలు దూరిన నాడు
ఎవరికీ చెప్పలేదు.

నిషేధం ఎత్తేశాక వచ్చిన మొదటి బుట్ట, రొయ్యలు.
నాలుక "న" దగ్గర పెట్టి ఒక్క క్షణం ఆగాను.
నూరు, నూటయాభై, నాలుగొందలు,
సగం లెక్కలు అక్కణ్ణించే కదా బయల్దేరేది.
"నాలుగొందల యాభై!"
టక్‌మంది. చిన్నగా, నాకే వినపడేంత.
ఆరొందల దగ్గర బుట్ట మరిడమ్మ వైపు తోశాను.
మిగతా పాట నువ్వు పాడవే, అన్నాను.

ఆ రాత్రి ఎల్లాజీ నన్ను తట్టి లేపాడు.
"ఏటే, ఇంజను చప్పుడు లేదు?"
పడుకోమన్నాను.