ముఖా

నాన్న రొయ్యపిల్లల్ని బతికించే ఉద్యోగానికొచ్చాడు,
మొగల్తూరు దిగువకి.
ఆయన సామానుతోపాటు నేనూ దిగాను:
ఏడేళ్లు, రెండు గౌన్లు, ఊగుతున్న ఒక పన్ను.

రాత్రంతా చెరువుల్లో ఏరేటర్లు తిరిగేవి.
హగొనోయ్‌లో లోలా ఇంటి కిందకి
పోటునీళ్లొచ్చిన చప్పుడే అనుకుని
చెప్పులు మంచమ్మీద పెట్టుకు పడుకునేదాన్ని.

లిగాయా అని రాయడం కుదరక
హాజరుపట్టీలో లీలావతినయ్యాను.
చైనా పిల్లా అన్నవాణ్ణి
తిట్టడానికి మాటల్లేక కొరికాను.
పన్ను అలా ఊడింది.

పక్కింటి సువార్తమ్మ అమ్మకి లేసల్లిక నేర్పింది.
ఇద్దరి మధ్యా భాష లేదు,
కొక్కెం సూదీ, దారపుండా,
ముడి తప్పినప్పుడల్లా ఏసు పేరూ.

ఒకరోజు మాస్టారు బోర్డు మీద గుండ్రంగా గీసి
ముఖం అన్నారు.
ముఖా! అని లేచి నిలబడ్డాను.
మాదే ఆ మాట! నాకంటే ముందే
ఎవరో పడవలో తెచ్చి ఇక్కడ దాచారు.

మర్నాడు దుఃఖం.
అదీ ఉంది మాకు, దుఖా.
ఏడుపు కాదు మాస్టారూ, లేనివాడు అని చెప్పాలి.
గౌను జేబు బయటికి లాగి చూపించాను.
ఆయన సుద్దముక్క తిప్పుతూ కాసేపు నిలబడి
"పెద్ద తేడా లేదులేమ్మా" అన్నారు.

పన్నెండేళ్లయింది.
నిన్న ఫోనులో లోలా చేపనెత్తి చూపించి
దీని పేరు చెప్పు అంది.
పాలబొంత, అన్నాను.
కాదు, మన పేరు.

నోరు తెరిచి వెతుక్కుంటున్నాను.
లోలా తొందరపెట్టలేదు,
ఒక్కో ముల్లూ తీసి
పళ్లెం అంచున పెడుతూ కూచుంది.