లైటు అదనం

కాలేజీ గేటు నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటా పోయాను.
దర్గామిట్టలో మొదటి హాస్టలు నాలుగొందల పన్నెండు.
"ఇంతకన్నా దగ్గర దొరకదు మే" అన్నాడు మాల్యాద్రి బావ,
ఆటో దిగకుండానే.
నిజమే, బెల్లు కొట్టాక లేచినా అందుకోవచ్చు.
కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంతలో
ఇంకో హాస్టలు కిటికీ.
అవతల ఎవరో పళ్ళు తోముకుంటా
నన్ను చూసి నురగతోనే నవ్వింది.

గోడ మీద నిబంధనలు పదహారు.
ఏడోదాని కాడ నా వేలు ఆగింది:
తొమ్మిదిన్నరకి మెయిన్ ఆపేస్తారు.

మా కొండాపురంలోనూ అంతే.
అమ్మ మూడున్నరకి లేచి బర్రెల కాడికి పోవాల,
అందుకని ఎనిమిదికే ఇల్లంతా చీకటి.
దుప్పట్లో దూరి, సెల్లు వెలుతురులో
ఒంట్లో ఎముకలన్నిటి పేర్లూ అక్కడే నేర్చుకున్నా,
ఉక్కకి ఊపిరాడక మధ్యమధ్యలో
ముక్కొక్కటే బయటపెట్టి.
"నా కడుపున గుడ్లగూబ పుట్టింది" అనేది అమ్మ
వచ్చినోళ్ళందరితో.

మాగుంట లేఅవుట్లో దానికి లిఫ్టుంది.
ఏసీ, వైఫై, శనివారం పిజ్జా.
గది చూపించిన పిల్ల చెప్పులు
నా చుడీదారు కన్నా ఖరీదు.
ఫీజు విని బావ
ఎన్నడూ తిరగని తన మీటరు వైపు చూసుకున్నాడు.
నాకు నచ్చింది, అబద్ధమెందుకు.
ఆ పరుపు మీద కూర్చున్న రెండు నిమిషాలూ
ఇంకెవరి కూతుర్నో అయిపోయాను.

ఆత్మకూరు బస్టాండు కాడ
చేపల పులుసు కలుపుకుంటా
బావ మనసులో మాట బయటేశాడు:
"మా ఇంటెనక సందులో ఒకటుండాది.
మీ అక్కకీ తోడుగా ఉంటది."
తోడంటే ఏందో నాకు తెలుసు:
ఒక చేతిలో పుస్తకం,
ఇంకో చేతిలో చంటోడి ఉయ్యాల తాడు.
పులుసులో మామిడి ముక్క టెంక దాకా చీకుతా
బదులు చెప్పలేదు.

స్టోన్‌హౌస్‌పేటలో
తవుడు కొట్టు పైన, రెండో అంతస్తు.
అక్కడికి అడుగుల లెక్క ఎప్పుడో తప్పింది.
మెట్ల మీద కూడా తవుడే,
చెప్పుల గుర్తులు పడతన్నాయి.
వార్డెను ఎలీషమ్మ
పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు నైట్ డ్యూటీ చేసిన మనిషి.
"పేరు?"
"మాలకొండమ్మ."
"పొద్దున లేస్తావా, రాత్రి మేలుకుంటావా?"

ఇన్ని పరీక్షలు రాశాను,
ఈ ప్రశ్న ఎందులోనూ రాలేదు.
"పొద్దున్నే లేస్తదండీ, బంగారం" అన్నాడు బావ.
"రాత్రి" అన్నాన్నేను.
ఆమె పెన్ను మూత తీసింది.
"నాలుగువేల ఐదొందలు.
పది దాటి లైటేస్తే నెలకి యాభై అదనం.
కరెంటోళ్ళు నాకేం ఊరికే ఇవ్వరు."

యాభై!
ఇన్నేళ్ళు దొంగతనంగా వాడుకున్న సరుకు
రసీదు రాసి అమ్ముతారని నాకేం తెలుసు.

గదిలో మస్తాన్‌బీ
ఎవరి రికార్డులోనో గుండె బొమ్మ గీస్తంది,
పేజీకి ఐదు రూపాయలు.
ఒళ్ళో ఎర్ర పెన్సిలు చెక్కిన పొట్టు.
తలెత్తకుండానే అంది:
"ఆ మూల మంచం తీసుకో, కళ్ళలో లైటు పడదు."
"నాకు పడాల" అన్నాను.
అప్పుడు తలెత్తింది.

"దూరం మే. రైలు మోత. తవుడు దుమ్ము.
పులుసులో నీళ్ళెక్కువ, వాసన చూశా."
బావ మెట్లు దిగిందాకా చెప్తానే ఉన్నాడు.
అన్నీ నిజాలే.
పులుసు ఆయన చెప్పిన దానికన్నా పల్చన.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
గ్లాసులో నీళ్ళు వణుకుతాయి.
బస్సు రాని రోజు మొదటి క్లాసు పోతది.

నాలుగో రోజో అయిదో రోజో
నరాల పాఠం కాడ ఉండగా సెల్లు మోగింది.
"లేచావా మే?"
గోడ గడియారం మూడున్నర.
"ఊఁ" అన్నాను.
ఇంకేం అడగలేదు అమ్మ,
సెల్లు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నట్టుంది,
చెంబులో పాలు పడతన్నాయి.
మొదట ఖాళీ చెంబు చప్పుడు,
తర్వాత నురగ చప్పుడు.