ముందుగా పెరట్లో

ఫ్రిజ్ తలుపు మీద, కరెంటు బిల్లు పక్కన
చార్వి రాసిన జాబితా ఉంది.
మొదటిది టెంటు. రెండోది మళ్ళీ టెంటు,
మొదటిది మరిచిపోతామని.
మూడోది, నాన్న ఫోను తేకూడదు.
నాలుగోది కొట్టేసింది. ఏమిటో చెప్పదు.

మార్చి లాంగ్ వీకెండుకి ఇంకా పదకొండు రోజులు.
బల్లరాట్‌లో పగలు ఇరవై ఎనిమిది, రాత్రి తొమ్మిది.
ఒకే సంచిలో టోపీలూ స్వెట్టర్లూ
తోడికోడళ్ళలా పొసగక పొసగక సర్దుకుంటున్నాయి.

చార్వి సముద్రం అంది. అవనీశ్ కంగారూలు అన్నాడు.
ఎక్కడైనా సరే, రెండు గంటలు దాటొద్దన్నాడు సుధీంద్ర.
వెనక సీట్లో వాంతులైనా యుద్ధాలైనా
ఎప్పుడూ రెండో గంట దాటాకే.
చివరికి ఓ ఏటి ఒడ్డున ఇరవై మూడో నంబరు చోటు.
పటం మీద వేలు పెట్టి కొలిచాం:
కుళాయికి నలభై అడుగులు, బాత్రూముకి నూట పది.

ఆ నూట పది దగ్గర ఇంట్లో మాట ఆగిపోయింది.
"రాత్రి వస్తే?" అన్నాడు అవనీశ్.
వాడికి ఆరేళ్ళు. ఏం వస్తే అని ఎవరం అడగలేదు.
"నేను వస్తా."
"నువ్వు నిద్రపోతే?"
"లేపు."
"లేపినా లేవకపోతే?"
పన్నెండేళ్ళుగా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తున్నదాన్ని,
గంట ఒక్కసారి మోగితే చాలు, కాళ్ళ మీద ఉంటాను
అని చెప్పబోయి ఊరుకున్నాను.
వాడడిగింది నా సర్వీసు కాదు,
రుజువు.

అందుకే బుధవారం సాయంత్రం పెరట్లో రిహార్సల్.
టెంటు మాది కాదు, పక్కింటి గ్లెనిస్ గారిది.
సంచి మీద మార్కరుతో ఆవిడ చేతిరాత:
ఏడో మేకు వంకర. తిట్టకండి, అదే గట్టిగా పడుతుంది.
పెళ్ళిపందిళ్ళు వేసిన వంశం మాదంటూ
సుధీంద్ర చొక్కా చేతులు మడిచాడు.
గంటంబావు తర్వాత టెంటు
కుడితి తాగి కూలబడ్డ గేదెలా ఒక పక్కకి ఒరిగింది.
చార్వి వచ్చి, నాన్న చేతిలో కాగితాన్ని
మాట్లాడకుండా తలకిందులు చేసి ఇచ్చింది.

వంట సంగతి నాది.
పులిహోర రెండు రోజులు నిలవుంటుంది,
మూడో రోజు గురించి మూడో రోజు.
మాగాయ చిన్న సీసాలోనే. పెద్ద సీసా ఒకసారి పగిలి
కారు నాలుగు నెలలు ఇంగువ వాసన కొట్టింది,
సర్వీసింగు కుర్రాడు ఏమిటని అడిగాడు కూడా.
గాలి పొడిగా ఉంటే నెగడు వద్దంటారట, మంటల భయం.
"అయితే మార్ష్‌మాలోలు పచ్చివే తిందాంలే,"
త్యాగం చేస్తున్నట్టు అన్నాడు అవనీశ్.
పొట్లంలో అప్పటికే సగం లేవు.

ఆ రాత్రి నలుగురం టెంటులోనే.
గాలిపరుపు మీద చార్వి దొర్లితే
అటు చివర సుధీంద్ర లేచి పడుతున్నాడు.
కంచె మీద పాసమ్ ఒకటి
ముక్కుపొడుం పీల్చిన ముసలాయనలా గొంతు సవరించుకుంది.

రెండున్నరకి నా మోచేతి మీద చిన్న వేలు.
ఒక్కసారే. గట్టిగా కూడా కాదు.
లేచాను.

గడ్డి తడి. ఇంటి తలుపుకి ఇరవై అడుగులు.
వాడు టార్చి నేలకి పట్టలేదు, పైకి పట్టాడు,
ఎవరైనా వస్తే అటు నుంచే వస్తారన్నట్టు.
పైన చుక్కలు, చేటలోంచి ఒలికిపోయిన నూకలు,
ఎత్తే తీరిక ఎవరికీ లేనట్టు.
తిరిగి వస్తూ చీకట్లో చెప్పులు మారాయి,
నాది వాడి పాదాన్ని మింగేసింది,
వాడిది నా బొటనవేలు దాటి రాలేదు.

"అమ్మా, నీకొస్తే?"
నేను నవ్వలేదు.
"నన్ను లేపు," అన్నాడు. "నేను లేస్తా."

పొద్దున ఫ్రిజ్ మీద
నాలుగో వరస ఇంకా కొట్టేసే ఉంది.
పన్నెండోది మాత్రం కొత్తది,
వంకర అక్షరాలు, గట్టిగా నొక్కి రాసినవి:
అమ్మకి టార్చి నేను.